కంటికి కనిపించిన కాయకే బేరం

శుక్రవారం పొద్దున తోటకు నీళ్ళు కడుతుంటే చిత్తూరు నుంచి ఫోన్ వచ్చింది. సాయిబు మామ పోయారని ఆయన కొడుకు చెప్పాడు. మామిడికాయ కొనడానికి వచ్చే వ్యాపారుల్లో మేము వరస కలిపి పిలిచింది ఆయన్నొక్కరినే.

మొదట్లో మా నాయనకు ఆయనంటే పడేది కాదు. మా ఐరాల వైపు చెట్లు పూత మీద ఉండగానే వ్యాపారులు తోట గుత్తకు తీసుకుంటారు. ఆయన మా ఊరికి వచ్చిన మొదటి ఏడు నాయన ముందుగా ఆయన్నే అడిగాడు. ఆయన పూతకేసి చూసి తల అడ్డంగా ఊపారు.

"కాయే లేనప్పుడు బేరం యాడిదన్నా? గాలొస్తే నేను మునుగుతా, విరగకాస్తే నువ్వు మునుగుతావు. అట్లా బేరం మా మతంలో కూడదు. కాయ కనపడినాక వస్తా."

"ఇంక నువ్వు యాపారం సేసినట్టే," అని నాయన తోటను వేరే వ్యాపారికి ఇచ్చేశాడు.

ఎండాకాలంలో గాలివాన కొట్టి సగానికి పైగా పచ్చికాయ రాలిపోయింది. మర్నాడు, గుత్త డబ్బులో ఇంకా రావాల్సింది ఇక రాదని నాయన ఆ కుప్పల పక్కన తల పట్టుకుని కూర్చుని ఉంటే మామ వచ్చారు. ఒక కాయ కొరికి చూశారు.

"పులుపు బాగుండాది. ముక్కలు కోసి ఉప్పేసి ఎండబెడితే ఊరగాయకు పనికొస్తాది. ముందు గుత్తకు తీసుకున్నాయనకు ఫోన్ చెయ్. ఆయప్ప వద్దంటేనే నేను ముట్టేది."

ఆ వ్యాపారి, రాలిన కాయ నాకెందుకు, పారబోసుకోమన్నాడు. అప్పుడు మామ కాయంతా తూకం వేయించి కొన్నారు. మా ఊరి ఆడవాళ్ళే కూర్చుని ముక్కలు కోశారు. ఆ ముక్కలు చెన్నైలో ఊరగాయలు పెట్టేవాళ్ళకు వెళ్ళాయి. తర్వాతి ఏడు చిత్తూరులో ఆయన ఒక షెడ్డు వేసి అదే పని పెట్టుకున్నారు. గాలివాన వచ్చిన ప్రతిసారీ రైతులు ఆయనకే ఫోన్ చేసేవారు.

నల్లబడిన ముక్కలను మూటలో పైనే వేయించేవారు. "కొనేవాడు మొదట ఇదే సూడాల," అనేవారు.

పూత మీద తోటల బేరాలు వదులుకున్నందుకు బాధ లేదా అని మామను ఒకసారి అడిగాను.

"ఇది కూడదని తెలిసినాక మిగిలిందంతా కూడేదే గదప్పా. ఆ మిగిలిందాంట్లో ఎతుక్కుంటా తిరిగినా, అంతే."

నాయనా నేనూ ఖననానికి వెళ్ళాం. అందరూ మూడేసి గుప్పిళ్ళ మట్టి వేస్తున్నారు. తాను వేయొచ్చో లేదోనని నాయన వెనకాలే నిలబడిపోయాడు. మామ కొడుకు వచ్చి చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్ళాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కూడా నాయన మట్టి అంటిన ఆ చేతులు దులుపుకోలేదు. ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, కిటికీలోంచి వెనక్కిపోతున్న తోటలను చూస్తూ కూర్చున్నాడు.