రెండో దెబ్బ

లాక్‌డౌన్‌కు పాండేసరలో తాను బట్ట నేసే సాంచాలు ఆగిపోయాక బక్కయ్య కాలువ గట్టున ముంగిసలకు ఉచ్చులు పెట్టసాగాడు. కుంచెలు చేసేవాళ్లు ఆ బొచ్చు కొంటారు. తెగిన పోగులు అతికించిన వేళ్లతోనే ఉచ్చు బిగిస్తాడు. చిక్కినదాని నెత్తిన కర్రతో ఒక్కటే దెబ్బ. రెండో దెబ్బ పాపమంటాడు. ఓ రోజు దారిలో పోలీసులు ఆపి అతని మోకాళ్ల మీద లాఠీతో కొట్టారు. మొదటి దెబ్బకే కూలబడ్డా వాళ్లు ఆపలేదు. కుంటుకుంటూ ఉచ్చు దగ్గరికి వెళితే ముంగిస పళ్లు బయటపెట్టి గుర్రుమంది. బక్కయ్య కొట్టాడు. అది చచ్చాక కూడా బొచ్చూ నెత్తురూ మట్టీ ముద్దయ్యేదాకా కొట్టాడు.

ఇంటి ముందు పడేస్తే భార్య స్వరాజ్యం చూసి, "బొచ్చంత ఖరాబ్ చేసినవ్, ఇగ దీన్నెవడు కొంటడు?" అంది.

బక్కయ్య వాచిన మోకాలు పట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మేటందుకు కొట్టలేదే."