టెంపురా సోమ్లా

కొత్తగూడెం బస్టాండు ముందు సోమ్లా బజ్జీలు వేస్తుంటే ఆ వాసనకు భద్రాచలం బస్సుకు బ్రేకులు వాటంతటవే పడేవి. కుడి అరచేత్తో శనగపిండి గిలక్కొడుతూ ఎడమ చేత్తో అట్టలూడిన ఇంగ్లిషు డిక్షనరీ తిప్పుతాడు. తొమ్మిదిలో బడి మానేసినా, నూనె మరకను బట్టి ఏ పేజీలో ఏ మాట ఉందో చెప్పేస్తాడు.

రెండువేల ఆరులో గనుల్లో యంత్రాలు బిగించడానికి జపాను ఇంజనీర్లు దిగారు. వాళ్ళ గెస్ట్‌హౌస్‌లో వంటవాడి ఉద్యోగం పడింది. టెంపురా అనే వాళ్ళ వంటకం వండి మెప్పించినవాడికే అది. సోమ్లా డిక్షనరీ తిప్పి ఆ మాటకు అర్థం భార్యకు చదివి వినిపించాడు. "పిండిల ముంచి ఏంచిన కూరగాయ అంటే మన బజ్జీయే గదా! గెలిచినవ్ పో," అంది భార్య చాంది. "ఆగవే, కింద ఉదాహరణ సూడు. పిండి లైట్‌గ ఉండాల్నట. మన బజ్జీ తింటే కడుపుల బండ పడ్డట్టుంటది," అన్నాడు సోమ్లా. వారం రోజులు వాడకట్టంతా తినలేక పారిపోయేదాకా వేయించి, కిటుకు పట్టాడు.

పరీక్షనాడు ఉద్యోగానికి పోటీకొచ్చిన మిగతా ముగ్గురూ శనగపిండిని భుజాలు పడిపోయేలా గిలక్కొట్టారు. సోమ్లా మైదాలో ఐసునీళ్ళు పోసి, రెండే తిప్పులు తిప్పి, ఉండలుండగానే బోడకాకర ముక్కలు ముంచాడు. "ఏందయ్యా, పిండి కలుపుడు గూడ మర్చినవా?" అని గెస్ట్‌హౌస్ మేనేజరు జయప్రకాశ్ పకపకా నవ్వాడు. పెద్ద ఇంజనీరు ఒక ముక్క కొరికాడు. ఆ కరకర ఇల్లందు దాకా వినపడింది. "టెంపురా!" అంటూ ఆయన పళ్ళెం మొత్తం తన వైపు లాక్కున్నాడు. సోమ్లా చేతులు తుడుచుకుని మేనేజరు వైపు తిరిగాడు.

"డ్యూటీ రేపటి సంది ఎక్కాల్నా సార్, ఇయ్యాల్నేనా?"