నా జీతం ఎంతో నేనే చెప్పాలట

పెళ్ళికి ముందు మైసూరులో నేను చదివింది మనస్తత్వశాస్త్రం. బెంగళూరు పేటలో పట్టునూలు వ్యాపారం చేసే మా అత్తవారింట్లో అది ఏం చదువో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మా అత్త చుట్టాలతో, "మా కోడలు మనసు చదువు చదివిండాది" అని గొప్పగా చెబుతుంది. విన్నవాళ్ళు వెంటనే నా ముందు అరచెయ్యి చాపుతారు. పెళ్ళెప్పుడు, కొడుకెప్పుడు అని అడుగుతారు. నేను చేతులు చూడనంటే, మరి చదివిందేమిటని మొహం ముడుచుకుంటారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, సైన్యం నుంచి తిరిగొచ్చిన ఒక డాక్టరు దండు వైపు, అంటే కంటోన్మెంటులో, మానసిక చికిత్సాలయం తెరిచారు. రోగుల జ్ఞాపకశక్తి, ఆలోచనా పద్ధతి పరీక్షించడానికి చదువుకున్న మనిషి కావాలని తెలిసి అర్జీ పెట్టాను. రమ్మని కబురు వచ్చింది; జీతం ఎంత కావాలో నేనే చెప్పాలట. అప్పటికి మా పాపకు ఎనిమిది నెలలు.

అత్తకు మోకాళ్ళ నొప్పులు. పాకే పిల్ల వెనక తిరగలేదు. "పో, నేనొద్దనను. పిల్లను చూసుకొనేకి ఆయాను పెట్టుకో. ఆయమ్మకి ఇచ్చేది నీ సంబళంలోంచే ఇయ్యల్ల" అంది. న్యాయమే. ఆయాకూ జటకాకూ చాలినంత జీతం వస్తే ఉద్యోగం, లేకపోతే లేదు. నేను తేల్చుకోవలసింది అంతే.

కానీ ఎంత అడగాలి? ఇలాంటి ఉద్యోగం చేసినవాళ్ళు నాకు తెలిసి ఊళ్ళో ఎవరూ లేరు. బడిపంతులమ్మకు ఇచ్చేంత అడగమన్నారు మావారు. "ఆస్పత్రి పనంటే నర్సమ్మ పనే గదా" అంది అత్త. నర్సుకు తిండీ బసా కూడా ఇస్తారు. అవి తీసేసి లెక్కకట్టాలా, కలిపి లెక్కకట్టాలా? తలనొప్పి తప్ప ఏమీ తేలలేదు.

చివరికి మామగారిని అడిగాను. పట్టునూలు బేరంలో ఆయన ధర ఎప్పుడూ పైకి చెప్పరు. చేతుల మీద తువ్వాలు కప్పి, కింద ఎదుటివాడి వేళ్ళు పట్టుకుని బేరం తెంచుతారు. పక్కనే నిలబడ్డవాడికి కూడా ఎంతకు తెగిందో తెలియదు.

"ధర ముందు మనం చెప్పకూడదమ్మా" అన్నారు. "అడిగితే నవ్వి సుమ్నే, మాట్లాడకుండా కూర్చో. మళ్ళా అడుగుతాడు. అప్పుడూ మాట్లాడొద్దు. ఓపిక పోయి వాడే చెప్తాడు. దానిమీద పెంచు."

అలాగే చేశాను. ఇప్పుడు రాస్తుంటే కూడా ఒళ్ళు మండుతోంది.

డాక్టరు నా చదువు గురించి చాలాసేపు మాట్లాడి, మర్యాదగా, మీరు ఎంత ఆశిస్తున్నారు అని అడిగారు. నవ్వి ఊరుకున్నాను. మళ్ళీ అడిగారు. మళ్ళీ నవ్వాను. ఆయన నా చేతి గాజులు చూశారు, చీర చూశారు, పేటలో ఎవరి కోడలినో గుర్తు చేసుకున్నారు. ఒక్కసారిగా ఆయన మొహం వెలిగిపోయింది. మీవంటి కుటుంబాల స్త్రీలు సేవాభావంతో ముందుకు రావడం దేశానికి ఎంతో మంచిదన్నారు. కాఫీ తెప్పించారు. నేను నోరు తెరిచేలోపే నా గది, నా కుర్చీ చూపించి, గౌరవ పరీక్షకురాలిగా సోమవారం నుంచి రమ్మన్నారు. గౌరవమంటే జీతం లేకుండా అని.

ఇంటికొచ్చి చెబితే అత్త కాసేపు నమ్మలేదు.

"గౌరవమా? ఆయాకి అదిస్తే పిల్లకి పాలు తాపుతుందా?"

మామగారికి నామీద కాదు, డాక్టరు మీద కోపం వచ్చింది. "వాడికి వ్యాపారం తెల్దు. మనిషి గమ్మునుంటే ధర పెంచల్ల గానీ, ఉత్తగానే తీసుకుపోతాడా!"

సోమవారం ఆయా లేదు కనుక పాపను చంకనేసుకునే వెళ్ళాను. కుర్చీలో కూర్చోకముందే చెప్పాను. "నాకు జీతం కావాలండీ. నెలకు అరవై రూపాయలు." ఆ అంకె నా గొంతులోంచి ఎంత గట్టిగా వచ్చిందంటే, బయట మందులు కలిపే అతను లోపలికి తొంగిచూశాడు.

డాక్టరు నొచ్చుకున్నారు. నర్సులు రాత్రింబవళ్ళు నిలబడి పనిచేస్తారు, మీరు కూర్చుని ప్రశ్నలడుగుతారు అన్నారు. మీరూ కూర్చునే గదా ప్రశ్నలడుగుతారు అన్నాను. మీ భర్తగారికి వ్యాపారం ఉంది కదా అన్నారు. రక్తం పరీక్ష చేసే అతనికి జీతం ఇస్తున్నారా అని అడిగాను. అతనికి సంసారం ఉందన్నారు. పాప అప్పటికే ఆయన బల్లమీది కాగితం నోట్లో పెట్టుకుని నములుతోంది.

"ఇది నా సంసారమే కదండీ" అన్నాను.

కాగితం ఆయనే మెల్లగా లాగి, జటకా ఖర్చుల కింద ముప్ఫై ఇస్తానన్నారు. జీతమని రాయమన్నాను. నలభై అన్నారు. నలభై ఐదు దగ్గర ఆగాం. జీతమనే రాశారు. ఆయాకు, జటకాకు పోను నా చేతికి మిగిలేది చెప్పుకోదగ్గది కాదు. ఇంతకు ఒప్పుకోవచ్చా, ఇంకా లాగాల్సిందా అని దారంతా తన్నుకులాడాను. నా తర్వాత ఈ పనికి వచ్చే పిల్లకు కూడా నలభై ఐదే అంటారేమోనన్న చికాకు ఇంకా పోలేదు.

ఆయా కుదిరిన మొదటిరోజు పాప గుక్కపట్టి ఏడ్చింది. జ్వరమేమో, ఆయా చేతులు చన్నీళ్ళలా ఉన్నాయేమో, పాలు వేడి తక్కువేమోనని గడప దగ్గర నుంచి రెండుసార్లు వెనక్కి వచ్చాను. మూడోసారి అత్త మోకాలు పట్టుకుని లేచి, వాకిలికి అడ్డం నిలబడింది.

"పోమ్మే, పో. ఆలస్యమైతే సంబళం కోస్తారు."