చూపులకు పెట్టిన వంటిల్లు

మా వంటింటి గట్టు మోకాలికి కాస్త పైన ఉండేది. నేను పెంచి చెబుతున్నానని నాన్న అంటాడు కానీ, ఆయన ఆ గట్టు దగ్గర నిలబడి కాఫీ అయినా కలుపుకోలేదు కాబట్టి ఆయన సాక్ష్యం చెల్లదు. బిల్డరు పొట్టివాడో, అతని భార్య పొట్టిదో తెలియదు. మా అమ్మ మాత్రం పొడగరి. తాలింపు పెట్టాలన్నా, బియ్యం కడగాలన్నా సగానికి వంగాలి. సాయంత్రానికి నడుం పట్టేసి గోడకు ఆనుకుని నిలబడేది. చూసేవాళ్ళకు, గోడ పడిపోకుండా ఆపుతోందేమో అనిపించేది.

"ఏమండీ, ఆ గట్టొక్కటి ఎత్తు చేయించండి" అని అడిగేది.

"చూద్దాం" అనేవాడు నాన్న.

మా ఇంట్లో వేసవి, వర్షాకాలం, చలికాలం, చూద్దాం అని నాలుగు కాలాలు. నాలుగోది ఏడాది పొడుగునా ఉంటుంది.

ఇంతలో తెలంగాణ ఉద్యమం వేడెక్కింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు ఎప్పుడు తెరుస్తారో ఎప్పుడు మూస్తారో వాటి యజమానులకే తెలిసేది కాదు. నాకు పెద్దగా ఇబ్బంది లేదు. మూసిన రోజుల్లోనూ నా చదువు అదే వేగంతో సాగింది. భయం పట్టుకున్నది నాన్నకు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడ ఫ్లాటు కొనుక్కున్న మనిషి. రాష్ట్రం విడిపోతే రేట్లు పడిపోతాయని ఆఫీసులో ఒకాయన చెప్పాడు. చెప్పినాయన ఆ వారమే ఎల్బీ నగర్‌లో స్థలం కొన్నాడు, అది వేరే సంగతి. ఇల్లు అమ్మేసి విజయవాడ వెళ్ళిపోదామని నాన్న తీర్మానించాడు.

బ్రోకరు వచ్చి గదులన్నీ చూసి, వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు.

"ఇల్లు మంచిగనే ఉంది సార్. గానీ గీ కిచెన్ జూస్తే లేడీస్ ఎనుకకు తిరిగి పోతరు. జర కొత్తగ చేయించుండ్రి. గట్టు గూడ మస్తు కిందికుంది."

ఇదే మాట అమ్మ ఇన్నేళ్ళు ఉచితంగా చెప్పింది. కమీషన్ తీసుకునేవాడు చెప్పేసరికి నాన్నకు అర్థమైంది.

చంపాపేట్ నుంచి ఒక కార్పెంటర్ బంద్ లేని రోజులు చూసుకుని వచ్చేవాడు. గ్రానైట్ లారీ దారిలో ఎక్కడో ఆగిపోయింది. టైల్స్ వచ్చాయి కానీ అతికించే మేస్త్రీ ఊరెళ్ళాడు, బస్సుల్లేక తిరిగి రాలేదు. మేము హోటల్ ఇడ్లీలు తిని, హోటళ్ళు కూడా మూసిన రోజు బ్రెడ్డు తిని, చివరికి ఒక వంటింటి వాళ్ళమయ్యాం. తెల్లటి అల్మరాలు, చిమ్నీ, నల్ల గ్రానైట్ గట్టు, దాని మీద కొత్త స్టవ్వు. కొలత తీసుకునేటప్పుడు కార్పెంటర్ అమ్మను నిలబెట్టి మోచేతి కింద టేపు పెట్టాడు. అందుకని గట్టు అమ్మకు కుట్టించిన జాకెట్టులా కుదిరింది. అమ్మ దాని ముందు నిటారుగా నిలబడి, రెండు అరచేతులూ రాతి మీద ఆనించింది.

"పాలు పొంగిద్దామా?" అంది తర్వాత.

"ఇప్పుడే వద్దు" అన్నాడు నాన్న. "కొనేవాళ్ళు చూసేదాకా ఇలాగే ఉండనీ. ఒక్క నూనె చుక్క పడిందంటే పాతదైపోయినట్టే. ఓ పది రోజులు ఓపిక పట్టు."

అలా మా వంట బాల్కనీకి మారింది. సిలిండరు, పాత స్టవ్వు, ముక్కాలి పీట. గాలికి మంట ఆరిపోతుంటే ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు పారేసిన ఫ్లెక్సీ తెచ్చి అడ్డం కట్టాను. దాని నిండా ర్యాంకులు వచ్చినవాళ్ళ ఫొటోలు. అమ్మ చారు కాచినంతసేపూ వాళ్ళు నవ్వుతూ చూసేవారు. మా ఇంట్లో ర్యాంకు తెచ్చి నవ్వించేవాళ్ళు లేరు కాబట్టి అమ్మ కూడా వాళ్ళకేసే చూసేది. లోపల గట్టు పైకి వెళ్ళింది, బయట అమ్మ కిందికి వెళ్ళింది. ఇదివరకు వంగేది, ఇప్పుడు గొంతుక్కూచుంటోంది. లేవాలంటే నా భుజం పట్టుకోవాలి.

పది రోజులు వానాకాలంలోకి జరిగాయి. కొనేవాళ్ళు రాలేదు. వస్తామన్నవాళ్ళు, రాష్ట్రం సంగతి తేలాక చూద్దామన్నారు. నాన్న మాట ఊరంతా పాకిందని నాకు అప్పుడే తెలిసింది.

ఒకరోజు మెయిన్ రోడ్డు మీద వంటావార్పు జరిగింది. బస్సులు ఆపి, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండుకుని అక్కడే కూర్చుని తినడం ఉద్యమంలో ఒక నిరసన. కింది ఫ్లాటులో ఉండే నల్గొండ ఆంటీ అక్కడికి వెళ్ళి, మాకోసం ఒక టిఫిన్ డబ్బాలో పులిహోర పట్టుకొచ్చింది. బాల్కనీలో అమ్మ ఒక చేత్తో గొడుగు పట్టుకుని, ఇంకో చేత్తో కూర కలుపుతోంది.

"ఏంది ఒదినా, మీరు గూడ వంటావార్పు మొదలువెట్టిండ్రా? మీ డిమాండ్ ఏంది?"

"డిమాండ్ ఒప్పుకున్నారాంటీ" అన్నాను నేను. "అమల్లో పెట్టట్లేదంతే."

"మాది గూడ గదే కథ బిడ్డా" అంది ఆమె. అమ్మ నవ్వబోయి నడుం పట్టుకుంది.

ఎట్టకేలకు ఒక ఆదివారం బ్రోకరు ఒక భార్యాభర్తల్ని పంపాడు. నల్గొండ దగ్గర ఊరు, ఆయనకు రెండు లారీలు. నాన్న పొద్దున్నే గ్రానైట్ తుడిచాడు. ఆయన గట్టు తుడవడం అదే మొదలు. ఆమె గదులు పైపైన చూసి వంటింట్లోకి వెళ్ళింది. సొరుగులు లాగింది. అల్మరాలు తీసింది. చిమ్నీ కింద తల పైకెత్తి వాసన చూసింది.

"మంచిగుంది. గానీ ఇండ్ల ఒండుకుంటలేరా?"

"లేదండీ" అన్నాడు నాన్న గర్వంగా. "ఒక్కసారి కూడా వాడలేదు. పూర్తిగా కొత్తది."

ఆమె ముఖం మారిపోయింది. "ఎందుకు ఒండుతలేరు? ఏమన్న అయ్యిందా ఇంట్ల?"

"ఏం కాలేదండీ. మీకోసమనే..."

"మాకోసమా? మేమెవరో మీకు ఎరుకనా?"

నాన్న నా వైపు చూశాడు. నేను చిమ్నీ వైపు చూశాను.

"మనుషులుండి పొయ్యి ముట్టియ్యలేదంటే ఎట్ల నమ్మాలె?" అంది ఆమె భర్తతో, మెల్లగా అన్నాననుకుంటూ, అందరికీ వినిపించేలా.

అప్పటిదాకా తలుపు పక్కన నిలబడి ఉన్న అమ్మ, "ఆ సిలిండరు ఇటు దొర్లించవే" అంది నాతో. దొర్లించుకొచ్చాను. హాలు మధ్య నుంచి అది చేసిన చప్పుడు, ఆ ఇంట్లో చాలాకాలంగా జరిగిన గొడవలన్నిటికంటే పెద్దది. అమ్మ కొత్త స్టవ్వు వెలిగించి టీ పెట్టింది. నిటారుగా నిలబడి, తీరిగ్గా అల్లం దంచింది. ఇల్లు చూడవచ్చినామె పక్కనే నిలబడి చూస్తూ, గట్టు మీద మోచేయి పెట్టబోయింది. అందలేదు. అమ్మకు భుజం దాకా ఉంటుంది మనిషి.

"గీ గట్టు నాకు ఎత్తయితది" అంది. "తీసుకున్నంక కొట్టిచ్చి కిందికి చేయించుకోవాలె."

అమ్మ టీ వడగట్టడం ఆపలేదు. గ్లాసు ఆమె చేతికిచ్చింది.

"అయితే ఈ ఇల్లు మీకు సరిపోదులేమ్మా."

నాన్నకు పొలమారింది, ఆయన చేతిలో ఇంకా టీ కూడా లేదు. ఆమె ఒక గుక్క తాగి, అమ్మను కింది నుంచి పైదాకా చూసి నవ్వింది.

"అక్కా, నీకు ఇల్లు అమ్మబుద్ధయితలేదు. సార్‌కే ఎరుక లేదు గంతే."

టీ పూర్తిగా తాగి, బాగుందని చెప్పి వెళ్ళిపోయారు. నాన్న హాల్లో కూర్చుని ఏదో అనడానికి చాలాసార్లు గొంతు సవరించుకున్నాడు. అమ్మ బాల్కనీలోంచి పోపుల డబ్బా, మూకుడు ఒక్కొక్కటే లోపలికి తెచ్చుకుంటోంది. కాసేపటికి వంకాయ ముక్కలు నూనెలో పడ్డాయి. నూనె చిట్లి తెల్ల టైల్స్ మీద పడింది. నాన్న ఆ చప్పుడు విన్నాడు కానీ లేవలేదు.

భోజనాల వేళకు బ్రోకరు ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టకపోయినా మా అందరికీ వినిపించే గొంతు అతనిది.

"ఏమయింది సార్, వాళ్ళకు నచ్చిందన్నరు గద?"

నాన్న వంటింట్లోకి చూశాడు. అమ్మ నిలబడి కూర కలుపుతోంది, గోడకు ఆనుకోకుండా.

"గట్టు ఎత్తు కుదర్లేదు" అన్నాడు.

"గంతేనా? కొట్టిద్దాం సార్, ఒక్క దినం పని."

"కొట్టించేది లేదు" అని ఫోన్ పెట్టేసి, అన్నంలో వేడి కూర కలుపుకుంటూ, పెరుగుందా అని అడిగాడు.