మా దుకాణంల తిప్పతీగ కషాయం

మొయినాబాద్‌ల మాది కిరాణా దుకాణం. కరోనా పోయింది గని, అప్పుడు మా అత్తమ్మ మొదలుపెట్టిన తిప్పతీగ కషాయం మాత్రం పోలే. పొద్దుగాల దుకాణం తెరవంగనే వచ్చినోళ్లకు చిన్న గ్లాసుల ఉత్తగనే పోస్తది. "ఇమ్యూనిటీ పెరుగుతది, తాగుండ్రి" అంటది. తాగినోళ్లు మొహమాటానికి ఒక పొడి డబ్బా కొనుక్కపోతరు.

నిరుడు నా చెంపలు ఎర్రబడ్డయి, కీళ్లు పట్టేసినయి. చేవెళ్ల దవాఖానల సమజ్ కాక పట్నం పంపితే, లూపస్ అని తేలింది. డాక్టరమ్మ మంచిగ చెప్పింది. ఒంట్ల కాపలా కాసే కణాలు బయటి శత్రువు వచ్చినప్పుడే ఒకదాన్నొకటి పిలుచుకోవాలెనంట. నాయి ఊకెనే పిలుచుకుంటున్నయంట. ఆ పిలుపు విని యాంటీబాడీలు తయారుచేసే కణాలు ఆగకుంట చేస్తనే ఉన్నయి, ఆ యాంటీబాడీలు పోయి నా కిడ్నీలనే కొడుతున్నయి. "నీకు బలం తక్కువై కాదమ్మా, ఎక్కువై వచ్చింది. ఈ మాత్రలు దాని జోరు తగ్గిస్తయి, మానేస్తే కిడ్నీలు పోతయి" అన్నది.

ఇంటికొచ్చి చెప్తే అత్తమ్మ చెవిల ఒక్క ముక్కనే పడ్డది, మాత్రలు ఇమ్యూనిటీ తగ్గిస్తయని. ఇమ్యూనిటీ అమ్ముకొని బతికే ఇంట్ల గదేం మందు? మా ఇంట్ల అందరి గోళీలు ఆమెనే చేతిల పెడతది. నాయి తీసి దాచి, బలం గోళీలు పెట్టుడు షురూ చేసింది. రెండూ తెల్లగనే ఉంటయి, నాకేం ఎరుక? చారుల గూడ తిప్పతీగ కలిపింది. చేదెందుకున్నదంటే మెంతులు ఎక్కువైనయన్నది.

కాళ్లు మొద్దుల లెక్క వాచినయి. టెస్టులు చూసిన డాక్టరమ్మ, కిడ్నీలు ఖరాబైతున్నయని అత్తమ్మతోని నా మాత్రలు తెప్పించి చూసింది. అట్ల బయటపడ్డది. నేను అక్కడనే అత్తమ్మ మీద ఒర్రిన. అత్తమ్మ మాత్రం నిమ్మళంగ అడిగింది: "అయితే డాక్టరమ్మా, ఇమ్యూనిటీ తగ్గించే పొడేమన్న ఉంటదా? దుకాణంల పెడతం."

ఇప్పుడు అసలు మాత్రలే ఇచ్చి, నేను మింగేదాక కదలదు. భయపడ్డది పాపం. గని పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు. మొన్న హిమాయత్‌నగర్ నుంచి ఒకామె వచ్చింది, చెంపలు అచ్చం నాయి లెక్కనే ఎర్రగున్నయి. అత్తమ్మ డబ్బా తీసి, "మా కోడలు ఇదే తాగి లేచి కూసున్నది" అన్నది.

"అవునా అక్కా?" అని ఆమె నా దిక్కు చూసింది.

గల్లాపెట్టె పక్కన బల్ల మీద కాలు పెడితే మా ఇండ్లల్ల లక్ష్మిని తన్నినట్టే. నేను ఇంక వాపు తగ్గని కాలు ఎత్తి అక్కడనే పెట్టిన.

"తాగినంక ఇట్లయింది" అన్న.