ప్యాకింగా, కొత్త కమాన్లా

పనసగొందిలో బండి ఉన్నవాడు సోంబరు ఒక్కడే. ఆ ఊరి నుంచి అరకు సంతకు నడిచి వెళ్ళేది మాత్రం అతని భార్య సోములమ్మ ఒక్కతే.

దారి పదహారు కిలోమీటర్లు. శుక్రవారం తెల్లవారగానే పసుపు మూట నెత్తిన పెట్టుకుని ఆవిడ కాలిబాటన కొండ దిగిపోయేది. ఆ తరవాత మొగుడి పికప్ బండి ఊరినంతా ఎక్కించుకుని రోడ్డు దారిన బయల్దేరేది. సాయంత్రం మళ్ళీ అదే వరస. ఎరగనివాళ్ళు ఆలుమగలకు పడదేమో అనుకునేవారు. అలాంటిదేమీ లేదు. ఇద్దరూ ఒక్క మాట మీద బతికే మనుషులే. బండి దగ్గరే తేడా.

1992 వానల్లో ఇదే దారిలో ఒక జీపు లోయలోకి జారిపోయింది. ముగ్గురు పోయారు. అందులో ఒకడు సోములమ్మ తమ్ముడు ధనరాజు. వెనక చక్రాల మీద బరువు మోసే ఇనుప పట్టీల కట్ట, అదే కమాను, విరిగి జీపు ఒరిగిపోయిందని అందరూ చెప్పుకున్నారు. ఆ రోజు నుంచి సోములమ్మ ఏ బండీ ఎక్కలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగవలసిన విషయం కాదని అందరికీ తెలుసు.

సోంబరు పదేళ్ళు కాఫీ లారీల మీద క్లీనరుగా తిరిగి, లైసెన్సు తెచ్చుకుని, 1997లో ఈ పాత పికప్‌ను కొన్నాడు. కొన్ననాడు అతని మనసులో ఉన్నది ఒకటే కోరిక, ముందుగా పెళ్ళాన్ని ఎక్కించుకుని అరకు దాకా తిప్పాలని. సోములమ్మ బండికి పసుపు రాసింది, కొబ్బరికాయ కొట్టింది, కోడిపిల్లను కూడా తిప్పి వదిలింది. తరవాత మూట ఎత్తుకుని నడిచిపోయింది. సోంబరు లోపల చాలా నొచ్చుకున్నాడు. ఊరినంతా మోసే బండి ఇంటిదానికి పనికి రాకపోతే ఎవరికైనా బాధగానే ఉంటుంది.

ఐదేళ్ళు తిరిగేసరికి బండి వెనక భాగం కూలబడింది. కుడి మూల అయితే మరీ దిగిపోయింది. శృంగవరపుకోటలో కమాన్ల పని చేసే గణపతిరావు దగ్గరికి తీసుకెళితే ఆయన చుట్టూ తిరిగి చూసి నవ్వాడు.

"ఏటిది సోంబరూ, బండి కుక్క కూకున్నట్టు కూకుంది? కుడేపు మరీనీ. ఆ మూలన ఏటి మోస్తన్నావు?"

సోంబరు కాస్త సిగ్గుపడుతూనే సంగతి చెప్పాడు. కొండ దిగేటప్పుడు లోయ ఎడమ వైపు ఉంటుంది, గుట్ట కుడి వైపు. ధనరాజు పోయిన దగ్గర్నుంచి ఊళ్ళో వాళ్ళకు లోయ వైపు కూర్చోవాలంటే భయం. అందరూ గుట్ట వైపే ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కూర్చుంటారు. సంతకు దిగేటప్పుడే సరుకు ఎక్కువ, అల్లం, పసుపు, పిప్పళ్ళు, వలిసె గింజలు. ఆ మూటలూ మనుషులతో పాటు కుడి వైపే. అందుకని కుడి కమాను చచ్చిపోయింది. తమాషా ఏమిటంటే తిరిగి కొండ ఎక్కేటప్పుడు ఆ కుడి వైపే లోయ వస్తుంది. దిగేటప్పుడు భయపడి ఒరగబెట్టిన బండి ఎక్కేటప్పుడు లోయలోకి తొంగిచూస్తూ ఎక్కేది. పైన కాలిబాటన నడిచే సోములమ్మకు కనపడేది ఆ దృశ్యమే.

గణపతిరావు రెండు దారులు చెప్పాడు. ఒకటి ప్యాకింగ్. ఇరుసుకూ కమాను కట్టకూ మధ్య ఇనుప దిమ్మ పెట్టి పొడుగు బోల్టులతో బిగిస్తే బండి లేచి సమానంగా నిలబడుతుంది. పూట పని. రెండోది, పాత కట్టలు పీకేసి కొత్త కమాన్లు వేయడం. డబ్బూ ఎక్కువ, బండి మూడు రోజులు షెడ్డులోనే ఉండాలి.

"ప్యాకింగ్ ఎడితే బండి లేస్తాది. కమాను లేవదు," అన్నాడాయన. "పైన పటారం, లోన లొటారం. మరి నీ ఇష్టం."

సోంబరు ప్యాకింగ్ వైపే మొగ్గాడు. మర్నాడే సంత. బండి లేకపోతే ఊరంతా ఇబ్బంది పడుతుంది. కుడి వైపు మందం దిమ్మ, ఎడమ వైపు పలచటి దిమ్మ వేయించుకుని, గీత గీసినట్టు నిలబడ్డ బండిని చూసుకుని మురిసిపోతూ ఇంటికి వచ్చాడు. సోములమ్మ వెనక్కి వెళ్ళి గొంతుక్కూర్చుని రెండు దీపాల ఎత్తూ చూసింది. బాగుందంది. సోంబరుకు ఆ రాత్రి అన్నం సహించలేదు, సంతోషంతో.

తెల్లారి జనం ఎక్కారు. పాతిక మంది, వాళ్ళ మూటలు. గుట్ట వైపే ఎక్కారు. చచ్చిన కమాను చచ్చినట్టే ఉంది కదా, దిమ్మ ఏం చేస్తుంది? కుడి మూల మళ్ళీ దిగిపోయింది. సోములమ్మ ఆ రోజు ముందుగా బయల్దేరకుండా ఇంటి అరుగు మీద నిలబడి చూసింది, చూసి మూట ఎత్తుకుంది.

మరుసటి ఏడాది వానల్లో ఆవిడ ఎడమ మోకాలు వాచింది. ఆసుపత్రిలో నర్సమ్మ బరువు మొయ్యొద్దంది, కొండ దిగొద్దంది. ఆవిడ తల ఊపి వచ్చి, పై శుక్రవారం కర్ర ఊతంతో దిగింది. అది చూసి సోంబరు తట్టుకోలేకపోయాడు. నాలుగేళ్ళు పోతే ఈవిడ అసలు నడవలేదు, నడవకపోతే సంతా లేదు, పుట్టింటి మనుషులను చూడటమూ లేదు, గుమ్మంలో కూర్చుండిపోవడమే. ఎలాగైనా ఈవిణ్ణి బండి ఎక్కించాలి.

ఈసారి వెనకాముందూ చూడలేదు. దుక్కిటెడ్లలో ఒకదాన్ని అమ్మి, బండిని శృంగవరపుకోటలో వదిలి, కిరండూల్ పాసింజరు రైల్లో అరకు వచ్చి అక్కడి నుంచి నడిచి ఇల్లు చేరాడు. మూడు రోజుల తరవాత కొత్త కమాన్లతో బండి వచ్చింది. ఎంత గట్టి కమాన్లంటే, ఖాళీ బండి గుంటలో పడితే సోంబరు తల టాపుకు కొట్టుకునేది. బండి మాత్రం దర్జాగా నిలబడింది. పాతిక మంది ఎక్కినా బెసకలేదు.

అదే కొంప ముంచింది. సోంబరు బండికి కొత్త కమాన్లు వేశాడన్న కబురు చుట్టుపక్కల ఊళ్ళకు పాకింది. కొత్తవి కదా, మోస్తాయిలే అని దారిలో ప్రతి మలుపులోనూ ఒకడు చెయ్యెత్తేవాడు. ఆ కొండల్లో చెయ్యెత్తిన మనిషిని దాటి వెళ్ళిపోతే అంతకు మించిన అవమానం లేదు. పైగా ఎవరు చెయ్యెత్తినా బావో, మావయ్యో, మేనత్తో అవుతారు. సోంబరుది మెత్తటి గుండె. పాతిక ముప్పై అయింది, ముప్పై ముప్పై నాలుగయింది. ఆరు నెలలు తిరక్కుండా కొత్త కమాను కూడా కుడి వైపు కొంచెం వాలింది. సోములమ్మ నడుస్తూనే ఉంది.

ఒక మధ్యాహ్నం ఆవిడ అరుగు మీద కూర్చుని మోకాలికి వావిలాకు నూరి పట్టు వేసుకుంటోంది. సోంబరు ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ప్యాకింగ్ వేయించాను, ఎద్దును అమ్మి కమాన్లు మార్చాను, ఇంకా నన్నేం చెయ్యమంటావని అడిగాడు. కోపంతో కాదు, ఏడుపుతో అడిగాడు.

సోములమ్మ ఆకు నూరడం ఆపలేదు. పన్నెండేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పింది.

"కమాను ఇరిగి మా తమ్ముడు సచ్చిపోనేదు. ఆ రోజు ఇద్దరం సెయ్యెత్తినాం. జీపు నిండిపోనాది. డ్రైవరు మంచోడు, నీలాటోడే. ఒక్కరికి జాగా ఉందన్నాడు. నువ్వెల్లు అని నేనే ఎక్కించినాను. ఆడు జాగా నేదనుంటే మా తమ్ముడు నాతోటి నడిసొచ్చును."

ఆకు పసరు చేతికంతా అంటుకుంది. ఆవిడ తుడుచుకోలేదు.

"నువ్వు ఏ కమాన్లేసినా నాకేటి?" అంది. "ఒక్కడికైనా జాగా నేదని నువ్వు సెప్పగా నేను సూడనేదు."

ఇన్నాళ్ళూ ఆవిడ ఇనుముకు భయపడుతోందని సోంబరు అనుకున్నాడు. భయం తన మంచితనానికని ఆ రోజు తెలిసింది. అలాంటిది విన్న మనిషి ఎటు చూడాలో తెలియక కాళ్ళ కేసి చూసుకుంటాడు. అతనూ అదే చేశాడు.

మర్నాడు శృంగవరపుకోట వెళ్ళి, ఈ కమాన్లు అసలు ఎంతమందిని మోస్తాయని గణపతిరావును అడిగాడు. ఏడేళ్ళుగా బండి నడుపుతున్న మనిషి ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. గణపతిరావు ఆ మాటే అని దెప్పి, మూటలతో పదిహేను మంది, పదహారో మనిషి వద్దు అన్నాడు.

తొలి శుక్రవారం పదిహేను మంది ఊళ్ళోనే నిండారు. ఊరి చివర పెద్దనాన్న కొడుకు సుక్రు అల్లం బస్తాతో చెయ్యెత్తాడు. సోంబరు బండి ఆపి, దిగి, జాగా లేదన్నయ్యా అని చెప్పేసరికి అతనికి చెమటలు పట్టాయి. సుక్రు నమ్మలేదు. నమ్మాక తిట్టాడు. ఆరు తరాల చుట్టరికం తీసి తిట్టాడు. రెండో ట్రిప్పు వేద్దామంటే దిగడానికి గంటన్నర, ఎక్కడానికి రెండు గంటలు, అప్పటికి సంత చప్పబడిపోతుంది. ఆ రోజు దారిలో ఏడుగురిని దాటి వెళ్ళాడు. ఏడుగురి ముఖాలూ అతనికి గుర్తే. రెండో శుక్రవారం ఊళ్ళో సగంమంది అతనితో మాట్లాడలేదు. ఒళ్ళు బలిసిందన్నారు. ఎద్దు పోయింది, ఇప్పుడు మర్యాదా పోయింది. సోములమ్మ ఈ గొడవంతా వింది. రెండు వారాలూ నడిచే వెళ్ళింది.

మూడో శుక్రవారం బండి నిండింది. సోంబరు లెక్క చూసుకున్నాడు, పదిహేను. వెనక తలుపు వేయబోతుంటే సోములమ్మ వచ్చింది. నెత్తిన పసుపు మూట, చేతిలో కర్ర. మోకాలు ముందు రోజు కంటే ఎక్కువ వాచి ఉంది. కర్ర బండికి ఆనించి, వెనక తలుపు పట్టుకుని, మెట్టు మీద కుడి కాలు పెట్టింది.

పన్నెండేళ్ళ తరవాత ఆవిడ కాలు బండి మీద పడటం అక్కడున్న అందరూ చూశారు. ఇంతలో అందరికీ ఒక్కసారే దయ పుట్టుకొచ్చింది. మన సోములమ్మే కదా, సర్దుకుంటాం రమ్మన్నారు. దిగుతానన్నవాడు ఒక్కడూ లేడు గానీ సర్దుకుంటామన్నవాళ్ళు పదిహేను మందీ.

సోంబరు ఏడేళ్ళు కలగన్నది ఆ కాలు ఆ మెట్టు మీద పడటం కోసమే. దాని కోసమే ప్యాకింగ్ వేయించాడు, దాని కోసమే ఎద్దును అమ్మాడు. ఇప్పుడు ఆ కాలు అక్కడ ఉంది. ఒక్క మనిషి ఎక్కువైతే కమాను విరిగిపోదని అతనికి తెలుసు. ఆవిడ ముఖం చూశాడు. ఆవిడ పరీక్ష పెట్టడానికి రాలేదు. నొప్పి ఓర్చుకోలేక వచ్చింది.

"జాగా నేదే," అన్నాడు. "పదిహేను మందయిపోనారు."

ఎవరో నోరు నొక్కుకున్నారు. సోములమ్మ కాలు దించింది. సోంబరు ముందుకు వచ్చి, కనీసం ఆ మూటైనా ఇమ్మని చెయ్యి చాపాడు.

"మూటకి మాత్రం జాగా ఉందేటి?" అంది సోములమ్మ.

కర్ర తీసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా కాలిబాట పట్టింది. సోంబరు బండి ఎలా నడిపాడో అతనికే తెలియదు. ఆ రోజు చెయ్యెత్తినవాళ్ళకు అతను ఏమీ చెప్పనక్కరలేకపోయింది, బండిలోవాళ్ళే జాగా లేదు, జాగా లేదని అరిచి చెప్పారు.

సంతలో అతను టీ కూడా తాగలేదు. కాలిబాట రోడ్డును కలిసే చోట నిలబడి ఎదురుచూశాడు. ఎండ నడినెత్తికి వస్తుండగా సోములమ్మ కుంటుకుంటూ దిగింది. అతన్ని చూసింది, పక్కనుంచే వెళ్ళి పసుపు వ్యాపారుల వరసలో కూర్చుంది. వెంట వెళ్ళడానికి అతనికి ధైర్యం చాలలేదు. నేను చేసింది తప్పేమో, ఇక ఈ జన్మకు ఎక్కదేమో అనుకుంటూ తిరిగాడు. రేడియేటరులో పోయడానికి బకెట్టు నీళ్ళు మోసుకుని మూడింటికి బండి దగ్గరకు వచ్చాడు.

బండిలో అప్పటికే ఒక మనిషి ఉంది. వెనక తలుపు తానే తీసుకుని, తానే ఎక్కి, ఉప్పు పొట్లం ఒళ్ళో పెట్టుకుని సోములమ్మ కూర్చుని ఉంది. కుడి వైపు కూర్చుంది. కొండ ఎక్కేటప్పుడు లోయ ఆ వైపే ఉంటుందని ఆవిడ కంటే బాగా ఎరిగినవాళ్ళు లేరు.

సోంబరు బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఒక్కొక్కరే వచ్చి ఎక్కారు. ఆవిణ్ణి చూసి, ఎవరూ చెప్పకుండానే, కొందరు అటూ కొందరు ఇటూ సర్దుకున్నారు. పదహారోవాడుగా మిగిలిన కుర్రాడు తానే లెక్క చూసుకుని కాలిబాట పట్టాడు. చివరికి సోములమ్మ చేత్తో టాపు రేకు మీద రెండు దెబ్బలు కొట్టింది.

"పదిహేను మందిమీ ఎక్కేసినాం," అంది. "బేగి పోనీ."