పదకొండో తేలు

మా బావమరిదిని చూస్తే తేళ్లు దణ్ణం పెడతాయి. సరే, దణ్ణమేనని ఒట్టు వేయలేను. అతను పెట్టె దగ్గరికి రాగానే తోకలు పైకెత్తడం మాత్రం నా కళ్లతో చూశాను.

ఎడారి మధ్య ఉన్న ఒక నగరంలో అతనిది మ్యూజియం ఉద్యోగం. పొద్దున్నే తలుపు సందుల్లోంచి దూరిన ఇసుక ఊడుస్తాడు, గడ్డి కూరిన జింకల గాజుకళ్లు తుడుస్తాడు, ప్రాణాలతో ఉన్న ఉడుములకూ తేళ్లకూ మేత వేస్తాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని. నేను ఊరు చూడ్డానికి వెళ్లిన మర్నాడు నన్నూ వెంటబెట్టుకెళ్లాడు.

తేళ్ల గది చీకటిగా, చల్లగా ఉంటుంది. ఊదారంగు టార్చి వేస్తే అక్కడి తేళ్లు పచ్చగా మెరుస్తాయి. రోజూ అలాగే లెక్క చూస్తాడట. ఆ రోజు మూడుసార్లు చూశాడు.

"బావా, పదే ఉన్నాయి."

"పదకొండోది టిఫిన్‌కి వెళ్లిందేమోనోయ్."

"పరాచికాలొద్దు. నిన్న మూత నేనే సరిగ్గా వేయలేదు. తొమ్మిదిన్నరకి నలభైమంది బడిపిల్లలొస్తున్నారు."

ఆ తేలు కుడితే పెద్దవాళ్లే ఆస్పత్రి పాలవుతారు. అప్పుడు తొమ్మిదీ పది. బల్లల కింద, తెరల వెనక, నా చెప్పుల్లో కూడా టార్చి వేసి వెతికాడు. నేను కుర్చీ మీదికెక్కి, పైనుంచి ధైర్యం చెప్పాను.

"డైరెక్టర్‌గారికి చెప్పెయ్యరాదూ?"

"పోయిన నెల ఉడుము టికెట్ల గదిలోకి వెళ్లింది. ఇంకోటి బయటికొస్తే నువ్వూ బయటికే అన్నారు."

"మరి చెప్పకపోతే?"

గేటు దగ్గర బస్సు హారన్ మోగింది. అతను బల్ల కిందనుంచి లేచాడు.

"చెప్పేస్తాను బావా. పోతే పోనీ."

అంతలో వెనక తలుపులోంచి డైరెక్టర్‌గారే వచ్చారు. నిన్న ఆ గదిలోనే కొక్కేనికి వదిలేసిన నల్లకోటు తీసి తొడుక్కున్నారు.

"పిల్లలొచ్చేశారు. తలుపు తియ్యి."

"సర్, తియ్యకూడదు. ఒక మాట చెప్పాలి..."

"తర్వాత చెబుదువులే," అంటూ ఆయనే తలుపు వైపు తిరిగారు. మావాడి చేతిలోని టార్చి వెలుగు ఆయన వీపు మీద పడింది. కాలర్ మీద పచ్చగా, నగలాగా మెరుస్తోంది పదకొండోది. మెడకి బెత్తెడు దూరం లేదు.

"సర్, కదలకండి. కాలర్ మీద దారప్పోగుంది."

"తీసెయ్."

పట్టకారుతో ఒడుపుగా తోక పట్టి ఎత్తి, పెట్టెలో వేసి, మూత నొక్కి, రెండు చేతులూ దాని మీదే ఉంచేశాడు.

"దారం తియ్యడానికి అన్ని చెమటలెందుకయ్యా?" అన్నారు డైరెక్టర్‌గారు. పిల్లలు బిలబిలమంటూ లోపలికొచ్చారు.

ఇది రాసి మా బావమరిదికి చదివి వినిపించాను. కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"అంతా అబద్ధం బావా. మా తేళ్లు ఎప్పుడూ పదకొండే. పైగా ఆ రోజు నువ్వు మ్యూజియంకే రాలేదు, మా ఇంట్లో గురక పెట్టి పడుకున్నావు."